ఒహాయో షెడ్డుకి సీలింగ్: గాజువాక తమ్ముడికి

తమ్ముడూ,

మొన్న ఆటోనగర్‌లో మీ నాన్నగారి లేత్ షెడ్డు దగ్గర టీ తాగుతుండగా నువ్వొక మాట అడిగావు. "అన్నయ్యా, అమెరికాలో, ఒహాయోలో మేం కొన్న ఇంటి వెనక 30 బై 40 అడుగుల చెక్క షెడ్డుంది. కప్పుని మోసే చెక్క చట్రాలు, అదే ట్రస్సులు, వాటి మధ్య 8 అడుగుల దూరం ఉంది. వర్క్‌షాపు చేసుకుందామని. జిప్సం బోర్డు బిగించేస్తే సరిపోతుంది కదా?" అన్నావు. నిలబడి రెండు ముక్కల్లో చెప్పే విషయం కాదనిపించింది. నువ్వు తిరిగి విమానం ఎక్కేలోపు చదువుకుంటావని ఎం.వి.పి. కాలనీలో మా అమ్మ ఇంట్లో కూర్చుని రాస్తున్నాను.

మన వైజాగ్‌లో ఫాల్స్ సీలింగ్ అంటే పైన సిమెంటు స్లాబు ఉంటుంది. దానికి రంధ్రాలు కొట్టి, జీఐ చానెళ్లు వేలాడదీసి బోర్డులు బిగిస్తారు. ఆ బరువు స్లాబుకి లెక్కలోకే రాదు. అందుకే పైన ఉన్నది మోస్తుందా అని అడిగే అలవాటు మనకి లేదు. మన భయమల్లా గాలి గురించి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఎన్ని రేకులు లేచిపోయాయో మీ నాన్నగారిని అడుగు. ఒహాయోలో గాలితోపాటు మంచు కూడా ఉంటుంది. అది పైనుంచి కిందికి నొక్కుతుంది. ట్రస్సు గీసిన ఇంజినీరు పైచెక్కలకి మంచు బరువూ రేకుల బరువూ లెక్కేస్తాడు. అడుగున అడ్డంగా ఉండే చెక్కని అక్కడ బాటమ్ కార్డ్ అంటారు. సీలింగ్ అడగని షెడ్డుకి దాని మీద దాదాపు ఏ బరువూ లెక్కెయ్యకపోవచ్చు. మామూలుగా ఇళ్లలో ట్రస్సులు 2 అడుగులకొకటి ఉంటాయి కాబట్టి బరువు పంచుకుంటాయి. నీ షెడ్డులో ఒక్కో ట్రస్సు నాలుగింటి పని చెయ్యాలి.

లెక్క చూడు. 8 అడుగుల దూరం, 30 అడుగుల వెడల్పు అంటే ఒక్కో ట్రస్సు కింద 240 చదరపు అడుగుల సీలింగ్ పడుతుంది. 5/8 అంగుళాల జిప్సం బోర్డు, దాన్ని పట్టే చెక్కలు, వేడి పోకుండా పైన పరిచే ఇన్సులేషన్ కలిపితే చదరపు అడుగుకి 5 పౌండ్లకి దగ్గరగా వస్తుంది. అంటే ఒక్కో ట్రస్సుకి సుమారు 1,200 పౌండ్లు, అర టన్ను పైమాటే. జిప్సం బదులు పలచటి 29 గేజి రేకు వేస్తే ఇందులో సుమారు సగంతో పోతుంది.

కాబట్టి ముందు చెయ్యాల్సింది ట్రస్సు డ్రాయింగ్ సంపాదించడం. నిచ్చెన ఎక్కి ట్రస్సుల మీద తయారీదారు ముద్రో చీటీయో ఉందేమో వెతుకు. షెడ్డు కట్టినవాళ్లనీ, మీ కౌంటీ బిల్డింగ్ ఆఫీసునీ అడుగు. ఆ డ్రాయింగ్‌లో బీసీడీఎల్ అని ఒక అంకె ఉంటుంది. బాటమ్ కార్డ్ మొయ్యగల స్థిరమైన బరువు అది, చదరపు అడుగుకి ఇన్ని పౌండ్లని. 5 అంటే సీలింగ్‌కి చోటుందని అర్థం. సున్నా, ఒకటి అని ఉంటేనో, అసలు కాగితమే దొరక్కపోతేనో డబ్బు ఖర్చయినా స్ట్రక్చరల్ ఇంజినీరుని పిలు. ఇక్కడ మాత్రం పొదుపు చూడకు. మంచు కురిసిన రాత్రి ఆ కప్పు కింద నువ్వుంటావు, నీ పిల్లలుంటారు. ఆయన చెప్పకుండా ట్రస్సుని కొయ్యడం, రంధ్రం పెట్టడం, చెక్క తీసెయ్యడం వద్దే వద్దు.

ట్రస్సులు మోస్తాయని తేలాక పని కష్టమేం కాదు. ట్రస్సుకీ ట్రస్సుకీ మధ్య 2 అడుగులకొకటి చొప్పున టూ బై సిక్స్ చెక్కలు జాయిస్ట్ హ్యాంగర్లతో, అంటే చెక్క కొసని పట్టి ఉంచే ఇనుప తొడుగులతో, బిగించాలి. దుకాణంలో టేపు పెట్టి కంగారుపడకు, పేరుకే 2, 6. నిజం కొలత ఒకటిన్నర, అయిదున్నర అంగుళాలు. హ్యాంగర్లకి వాటికని చెప్పిన మేకులే కొట్టాలి. బోర్డులకి వాడే నల్ల స్క్రూలు బరువుకి పుటుక్కున విరిగిపోతాయి.

జిప్సమా, రేకా అంటే నేను రేకే అంటాను. నువ్వు శనివారాలు మాత్రమే హీటర్ వేస్తావు. వేడీ చలీ మారినకొద్దీ జిప్సం అతుకులు పగుళ్లిస్తాయి. తెల్ల రేకు తేలిక, పైగా వెలుతురు బాగా పరుస్తుంది.

ఇక తేమ. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్న సంగతి. నా షెడ్డులో ఇన్సులేషన్‌ని చూరు దాకా కూరేసి గాలి దారి మూసేశాను. లోపలి వెచ్చటి ఆవిరి పైకెళ్లి చల్లటి కప్పు రేకుకి నీరై పట్టి, జనవరిలో టపటపా రాలింది. ఇన్సులేషన్ అంతా తడిసి ముద్దయి మొత్తం తీసి పారేశాను. సీలింగ్‌కీ ఇన్సులేషన్‌కీ మధ్య 6 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ప్లాస్టిక్ షీటు పరిచి, అతుకులకి టేపు వెయ్యి. చూరు నుంచి గాలి వచ్చి కొప్పు దగ్గర బయటికి పోయే దారి తెరిచి ఉంచు. అటక మీదికి మనిషి దూరేంత తలుపు ఒకటి పెట్టు. అటక అన్నానని పాత సామాన్లు దానిమీద పెట్టకు, ఆ బరువు మన లెక్కలో లేదు.

కరెంటు వైర్లు, లైట్ల పెట్టెలు సీలింగ్ మూసేలోపే అయిపోవాలి. పర్మిట్ కావాలో లేదో డ్రాయింగ్ కోసం కౌంటీ ఆఫీసుకి వెళ్లినప్పుడే కనుక్కో.

ఈ నెలాఖరు దాకా నేను వైజాగ్‌లోనే ఉంటాను. నువ్వు వెళ్లగానే ఆ ట్రస్సుల ఫొటోలు, కాగితం దొరికితే దాని ఫొటో కూడా వాట్సాప్‌లో పంపు. అప్పటిదాకా ఒక్క చెక్క కూడా కొనకు.