నల్లగొండ ఫ్లోరైడ్ మీద ఇన్ని పరిశోధనలు జరిగాక ఇంకా తేల్చడానికి ఏమైనా మిగిలిందా?

మునుగోడు దగ్గరి ఊరి నుంచి వచ్చి జియాలజీలో ఎమ్మెస్సీ చేస్తున్న ఒకరు ఈ ప్రశ్న అడిగారు. నీటి మీద పీహెచ్‌డీ చేద్దామనుకుంటే గైడ్ గారు ఫ్లోరైడ్ టాపిక్ వద్దన్నారట. "దాని మీద బోలెడు పేపర్లు వచ్చేశాయి, ఇంటింటికీ నల్లా నీళ్లు కూడా వచ్చాయి, ఇంకేం మిగిలింది" అన్నారట. నిజంగానే ఏమీ మిగల్లేదా అని ఆయన అడుగుతున్నారు.

చాలా మిగిలింది. నా పీహెచ్‌డీ ఆ జిల్లాలోనే, ఆ గ్రానైట్ నేలలోనే, ఆ టాపిక్ మీదే. ఇప్పటికీ ఆ బోర్ల దగ్గరికి వెళ్తూనే ఉన్నాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను. మీ గైడ్ గారి మాటలో సగం నిజం ఉంది. వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి వెళ్లి శాంపిళ్లు పట్టుకొచ్చి, మ్యాపులో ఫ్లోరైడ్ ఎక్కువున్న చోట ఎర్ర రంగు వేసే పేపర్లు ఇక చాలు. ఎక్కడ ఎక్కువుందో ఆ ఊళ్లలో బడి పిల్లల్ని అడిగినా చెప్తారు. మనకు సరిగ్గా తెలియంది ఏమిటంటే, ఒకే బోరులో అది ఏళ్ల తరబడి ఎటు పోతోంది, ఎందుకు పోతోంది అన్నది. ఆ లెక్క ఉన్నవాళ్లు చాలా తక్కువ.

అసలు ఈ పరిశోధన మొదలైంది నల్లగొండలో కాదు. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అప్పటి నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి, అంటే ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు గురించి రాశారు. మన దేశంలో ఈ జబ్బు మీద వచ్చిన తొలి నివేదికల్లో అదొకటి. కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఆ మెట్ట ప్రాంతం 1970లో ప్రకాశం జిల్లాలోకి వచ్చింది. నల్లగొండలో మోకాళ్లు లోపలికి వంగిపోయిన పిల్లల్ని చూసి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు పరిశోధనలు చేశారు. ఫ్లోరోసిస్ ఊళ్లలోని ఈ మోకాళ్ల జబ్బు మీద వాళ్ల పేపరు 1973లో లాన్సెట్‌లో వచ్చింది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ దించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' తయారు చేసి, దానికి నల్లగొండ పేరే పెట్టింది. చరిత్ర ఇక్కడితో ఆపుతాను, ఇది మీ థీసిస్ మొదటి చాప్టర్‌లో ఎలాగూ రాస్తారు.

రసాయనం మాత్రం కొంచెం నిదానంగా చెప్పాలి, మిగతాదంతా దాని మీదే నిలబడింది. మన గ్రానైట్‌లో బయోటైట్, అపటైట్, ఫ్లోరైట్ లాంటి ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. రాయిలో ఉన్నంత మాత్రాన అది నీళ్లలోకి వచ్చేయదు. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్ ఒక హద్దు దాటలేదు, రెండూ కలిసి మళ్లీ ఫ్లోరైట్‌గా గట్టిపడతాయి. కాల్షియం తగ్గిందంటే ఆ అడ్డు తొలగిపోయినట్టే. మన మెట్ట నేలల్లో జరిగేది సరిగ్గా ఇదే. ఎండకు నీళ్లు ఆవిరై, బైకార్బొనేట్ పెరిగి, కాల్షియం కాస్తా మట్టిలో సున్నపు గడ్డలుగా పేరుకుపోతుంది. దుక్కి దున్నితే తెల్లగా, గరుగ్గా పైకి తేలేవి అవే. బంకమట్టి కూడా కాల్షియాన్ని పట్టుకుని సోడియాన్ని వదులుతుంది. చివరికి కింద మిగిలేవి సోడియం, బైకార్బొనేట్ నిండిన క్షార గుణమున్న నీళ్లు. ఫ్లోరైడ్ హాయిగా పెరగడానికి అంతకన్నా అనువైన నీళ్లు లేవు.

ఇది పుస్తకంలో చదివితే ఒక రకం, పొలంలో వింటే ఇంకో రకం. మర్రిగూడ వైపు ఒక రైతు ఇంట్లో శాంపిల్ పడుతుంటే వాళ్ల అవ్వ గడప మీద కూర్చుని చెప్పింది. "గీ బోరు నీళ్లే మంచిగుంటయ్ బిడ్డా. తియ్యగుంటయ్, పప్పు జల్ది ఉడుకుతది, సబ్బుకు నురగ మస్తుగొస్తది. గా బాయి నీళ్లు నోట్లె వెట్టలేం" అంది. రెండూ పట్టుకుని ల్యాబ్‌కు తీసుకెళ్లాను. అవ్వ మెచ్చుకున్న బోరులో ఫ్లోరైడ్ లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటింది. నోట పెట్టలేమన్న బావిలో 1 లోపే ఉంది. మన దేశ ప్రమాణం ప్రకారం తాగే నీళ్లలో 1 వరకు ఫర్వాలేదు, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు. బావి నీళ్లు మంచివని నేననడం లేదు, వాటిలో ఉప్పు, నైట్రేట్ ఎక్కువే. కానీ పప్పు ఉడకనివ్వని ఆ కాల్షియమే అక్కడ ఫ్లోరైడ్‌ను కట్టి ఉంచింది. తరతరాలుగా రుచి చూసి నీళ్లు ఎంచుకున్న మనుషులకు ఆ రుచే చేటు తెచ్చిందని అర్థమైన రోజు నాకు చాలా బాధేసింది. అవ్వ నడుము అప్పటికే వంగిపోయి ఉంది.

ఇక అసలు పని ఎలా ఉంటుందో చెప్తాను, మీరు అడగకపోయినా ఇది తెలుసుకుని దిగడం మంచిది. ముందు బోరు పుట్టుక రాసుకోవాలి. రైతుని "ఎంత లోతు?" అని మాత్రమే అడిగితే సరిపోదు, "కేసింగ్ ఎన్ని పైపులు దిగింది?" అని కూడా అడగండి. కేసింగ్ అంటే బోరు గోడ కూలకుండా దింపే పైపు. గట్టి రాయి తగిలేదాకే దాన్ని దింపుతారు, కాబట్టి ఆ లెక్కతో మెత్తబడిన పొర ఎంత మందముందో ఒక అంచనాకు వచ్చేస్తారు. రిగ్గు లారీ వచ్చిన రోజు డబ్బు పెట్టినవాడు పక్కనే నిలబడి చూస్తాడు. ఎర్రమట్టి ఎక్కడిదాకా వచ్చింది, తెల్ల పొడి ఎక్కడ మొదలైంది, తడి ఎన్ని ఫీట్ల దగ్గర తగిలింది, అన్నీ గుర్తుంటాయి. "నూట నలభై ఫీట్ల కాడ జరంత తగిలింది, రెండొందల అరవైల దుంకింది" అని చెప్తే, అదే మీకు ఆ బోరులో పగుళ్లు ఎక్కడున్నాయో చెప్పే రికార్డు. ఏ పరికరమూ అంత చవకగా ఆ సంగతి చెప్పలేదు.

తర్వాత మోటారు నడవనివ్వాలి. పైపులో నిలిచిన నీళ్లు పోయి, ఈసీ (నీళ్ల విద్యుత్ వాహకత), ఉష్ణోగ్రత అంకెలు కదలకుండా నిలబడే వరకు ఆగాలి. వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1 నుంచి వచ్చింది. అంతకుముందు కరెంటు ఏ రాత్రి ఇస్తే ఆ రాత్రే మన శాంప్లింగు. ఫ్లోరైడ్‌కు పాలిథిన్ సీసాలే వాడాలి, గాజు పనికిరాదు. ఆల్కలినిటీ, అంటే నీళ్ల క్షారత, బోరు దగ్గరే తేల్చుకోవాలి, గదికి తెచ్చేలోపు గాలి తగిలి మారిపోతుంది. కాల్షియం, సోడియం చూసే సీసాను వడగట్టి, నైట్రిక్ యాసిడ్ చుక్కలు వేసి వేరుగా పెట్టాలి. ల్యాబ్‌లో ఎలక్ట్రోడ్‌తో ఫ్లోరైడ్ చూసేటప్పుడు టిసాబ్ బఫర్ కలపకపోతే అల్యూమినియం, ఇనుముతో కట్టుకున్న ఫ్లోరైడ్ లెక్కలోకి రాదు. అన్నీ అయ్యాక ధన అయాన్లు, ఋణ అయాన్లు వేర్వేరుగా కూడితే రెండు మొత్తాలకూ తేడా 5 శాతం లోపు ఉండాలి. లేకపోతే ఆ శాంపిల్ మీద ఏ కథా రాయకూడదు. అచ్చయిన పేపర్లలో కూడా పట్టిక తీసుకుని ఈ కూడిక వేసి చూడండి, ఎన్ని నిలబడతాయో మీకే తెలుస్తుంది.

ఇప్పుడు మిగిలిన ప్రశ్నల దగ్గరికి వద్దాం. వాన పడితే ఫ్లోరైడ్ పలచబడాలి కదా అనుకుంటాం. కొన్ని బోర్లలో అలాగే తగ్గుతుంది. కొన్నిట్లో వానల తర్వాతే పెరుగుతుంది, ఎండాకాలమంతా మట్టిలో పేరుకున్నదాన్ని వాన నీళ్లు కిందికి కడిగేస్తాయి కాబట్టి. ఒకే చెల్క గట్టుకు అటొకటి, ఇటొకటి ఉన్న బోర్లు ఎదురెదురుగా ప్రవర్తించడం నేను చూశాను. ఊరికి ఒక శాంపిల్ తీసి ఆ ఊరి మొత్తానికి ఒక అంకె తగిలించడం ఎంత తప్పో అక్కడ తెలుస్తుంది.

రెండోది వరి. హైదరాబాద్‌కు దక్షిణంగా 35 కిలోమీటర్ల దూరంలోని మహేశ్వరం దగ్గర 53 చదరపు కిలోమీటర్ల చిన్న పరీవాహక ప్రాంతం ఉంది. 1999లో మొదలైన ఇండో-ఫ్రెంచ్ భూగర్భ జల పరిశోధన కేంద్రం తరఫున జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, ఫ్రాన్స్‌కు చెందిన భూగర్భ సర్వే సంస్థ బీఆర్‌జీఎం కలిసి ఏళ్ల తరబడి అక్కడే పని చేశాయి. అంత చిన్న ప్రాంతంలో 700కు పైగా బోర్లున్నాయి. వరి మడికి తోడిన నీళ్లలో దాదాపు సగం మళ్లీ కిందికే ఇంకుతాయని వాళ్లు లెక్క తేల్చారు. తోడడం, మడిలో ఆవిరి కావడం, మిగిలింది ఇంకడం, మళ్లీ తోడడం. ఇలా తిరిగే కొద్దీ నీళ్లు చిక్కబడతాయి, కాల్షియం రాలిపోతుంది, ఫ్లోరైడ్ పెరుగుతుంది. రాయి ఎప్పటిదో, కానీ ఈ తిరుగుడు మన బోర్లు వచ్చాక మొదలైంది. మహేశ్వరం నుంచి అంత గట్టి సంగతులు రావడానికి కారణం ఒక్కటే, ఒకే చోట పట్టు వదలకుండా కూర్చోవడం. చౌటుప్పల్‌లో కూడా ఎన్‌జీఆర్‌ఐకి ప్రయోగ క్షేత్రం ఉంది, మీకు దగ్గరే, తప్పకుండా చూసి రండి.

గత కొన్నేళ్లలో మంచి వానలు పడిన సంవత్సరాల్లో తెలంగాణలో భూగర్భ నీటిమట్టం పైకొచ్చింది, వరి విస్తీర్ణమూ బాగా పెరిగింది. మట్టం పెరిగితే పలచబడాలి, వరి పెరిగితే చిక్కబడాలి. మీ ఊరి బోర్లలో ఏది గెలుస్తోంది? నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే ప్రశ్న ఇదే. దీనికి రెండు సీజన్ల శాంపిళ్లతో జవాబు రాదు.

నల్లా నీళ్ల సంగతి. 2015లో చౌటుప్పల్ దగ్గర పైలాన్ వేసి, ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పనులు మొదలుపెట్టారు. కృష్ణా నీళ్లు ఊళ్లలోకి రావడం ఆ ప్రాంతానికి ఎంత పెద్ద మేలో అక్కడ పుట్టిన మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ తరం పిల్లల పళ్లు చూస్తే తేడా తెలుస్తుంది. కానీ కింది నీళ్లు మారలేదు. పొలానికి వెళ్లినవాళ్లు మధ్యాహ్నం బోరు దగ్గరే దోసిలి పడతారు. గొడ్లు తాగేది తొట్లో బోరు నీళ్లే. కూలీలకు వండే అన్నం చాలాచోట్ల పొలం దగ్గరే ఉడుకుతుంది. క్యాన్ నీళ్ల ఆర్వో ప్లాంట్లు పక్క మోరీలోకి వదిలేసే నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కగా ఉంటుంది, అది ఎక్కడికి ఇంకుతోందో లెక్క పెట్టేవాళ్లు లేరు. నల్లా వచ్చాక మనిషి ఒంట్లోకి రోజుకు ఎంత ఫ్లోరైడ్ ఏ దారిన వెళ్తోందన్నది మన ఊళ్లలో మళ్లీ కొత్తగా కొలవాల్సిన విషయం. దానికి డాక్టర్లు కూడా తోడు కావాలి, ఒక్క జియాలజిస్టు వల్ల అయ్యేది కాదు.

చేసే పద్ధతి గురించి అడిగితే నా సలహా ఇది. వంద బోర్ల జోలికి పోవద్దు. మీ ఊరి చుట్టుపక్కల ఇరవై, పాతిక బోర్లు ఎంచుకోండి. కొన్ని వరి మడుల మధ్య, కొన్ని బత్తాయి తోటల్లో, కొన్ని చెరువు కింద, కొన్ని ఎవరూ సాగు చేయని గుట్ట వాలులో ఉండాలి. నెలనెలా వెళ్లండి. ఆక్సిజన్-18, డ్యుటీరియం ఐసోటోపుల (నీళ్లలోని బరువైన ఆక్సిజన్, హైడ్రోజన్ రకాల) పరీక్ష ఏడాదికి రెండుసార్లు చేయించినా చాలు, నీళ్లు ఎంత ఆవిరయ్యాక ఇంకాయో అవి పట్టిస్తాయి. రాష్ట్ర భూగర్భ జల శాఖ పీజోమీటర్ల (నీటిమట్టం కొలవడానికే వేసిన బోర్ల) రికార్డు, కేంద్ర భూగర్భ జల బోర్డు పాత విశ్లేషణలు అడిగి తీసుకోండి. పాత థీసిస్‌ల అనుబంధాల్లో బోర్ల జాబితాలు ఉంటాయి, వాటిలో ఏ బోరు ఇంకా నడుస్తోందో వెతికి పట్టుకుంటే మీకు పాతికేళ్ల వెనకటి అంకె ఉచితంగా దొరికినట్టే.

మీరు ఆ ఊరివాళ్లు కావడం ఇక్కడ పెద్ద బలం. బయటివాళ్లకు నెలనెలా వెళ్లడానికి జీపు ఖర్చు చూసుకోవాలి, బోరు నడపమని బతిమాలాలి. మిమ్మల్నైతే "అన్నా, ఈసారి ఎంతొచ్చింది?" అని వాళ్లే అడుగుతారు. ఆ అడిగినప్పుడు అంకె చెప్పి, ఆ నీళ్లు తాగొచ్చా లేదా అన్నది వాళ్లకర్థమయ్యేలా రాసిచ్చి రండి. నేను తిరిగిన ఊళ్లలో చాలామంది రైతులు నాకన్నా ముందు ఎంతోమందికి శాంపిళ్లు ఇచ్చారు, ఒక్కరి నుంచి కూడా ఫలితం రాలేదని చెప్పారు.

గైడ్ గారి దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రం టాపిక్ పేరు "నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్" అని పెట్టుకుని వెళ్లకండి. వరి నీళ్ల తిరుగుడు, పెరిగిన నీటిమట్టం కలిసి ఫ్లోరైడ్‌ను ఎటు నడుపుతున్నాయో నెలవారీ కొలతలతో తేలుస్తానని రెండు పేజీలు రాసి, దానికి మీరు ఎంచుకున్న బోర్ల జాబితా, ఒక్కోదాని కేసింగ్ లెక్కతో సహా జతచేసి చూపించండి. ఎండలు ముదిరే మే నెలలో మొదటి విడత శాంపిళ్లు తీసేస్తే, జూన్ వానలకు ముందటి అంకె మీ చేతిలో ఉంటుంది.