మాజీ సైనికుడిలో తప్పు చేశానన్న బాధ ఎలా తగ్గుతుంది?

ప్రశ్న: మా బాబాయి సైన్యంలో రిటైరై అమలాపురం దగ్గర ఉంటున్నారు. తోటి జవాను తన వల్లే చనిపోయాడని నలిగిపోతున్నారు. మందులు చాలవా?

మందులు నిద్రనూ దిగులునూ కొంత సర్దుతాయి, ఈ నమ్మకాన్ని మాత్రం కదపలేవు. ముందు అపరాధభావాన్నీ సిగ్గునూ వేరుచేయాలి. ‘నేను తప్పు చేశాను’ అన్నది అపరాధభావం. ‘నేనే చెడ్డవాణ్ణి’ అన్నది సిగ్గు. రెండోది మొండిది, మనిషిని దాక్కునేలా చేస్తుంది. పెళ్ళిళ్ళకు రారు, పలకరిస్తే కొబ్బరితోటలోకి వెళ్ళిపోతారు.

దీనికి కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ అనే మాటల చికిత్స ఉంది. ఘోర అనుభవం తర్వాత మనసులో నాటుకున్న నమ్మకాలను అందులో పరీక్షించి చూస్తారు. సాధారణంగా 12 సిట్టింగులు. ఇలాంటి చికిత్సల్లో వాడే పద్ధతి ఒకటుంది: దిబ్బరొట్టెలాంటి గుండ్రం గీసి బాధ్యతను ముక్కలు చేయడం. శత్రువు, పై అధికారి ఆజ్ఞ, చీకటి, తప్పుడు సమాచారం, వీటికి ముందు వాటాలివ్వాలి. తన వాటా చివర్న. మొదటే వేసుకుంటే నూటికి నూరూ తనే తీసుకుంటారు. ఆ క్షణంలో తనకు ఏం తెలుసు, ఇప్పుడు ఏం తెలుసు అనేదీ విడివిడిగా రాయిస్తారు. చాలామంది తర్వాత తెలిసినదాంతో అప్పటి తమను శిక్షించుకుంటారు.

ఇంట్లోవాళ్ళు ‘నీ తప్పేం లేదులే’ అనేస్తారు. అక్కడే చెడుతుంది. ‘వీళ్ళకేం తెలుసు’ అని ఆయన నోరు మూసుకుంటారు. నిజంగా తప్పు జరిగి ఉంటే వాదన పనిచేయదు. ఒప్పుకోవడం, చేతనైన పరిహారం కావాలి.

ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డుంటే పాలీక్లినిక్ నుంచి సైకియాట్రిస్టుకు రిఫరల్ అడగండి. చచ్చిపోవాలన్న మాట వస్తే ఆగకండి: ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416, రాత్రైనా పలుకుతుంది. ఆయన్ను ఒంటరిగా వదలొద్దు, పురుగుమందు డబ్బాలు, తుపాకీ ఉంటే అదీ ఇంట్లోంచి తీసేయండి.