పదకొండు ‘అద్భుతాలు’, ఒక్క వెర్షన్ నంబరూ లేదు

తమ్ముడూ,

నువ్వు పంపిన మూడు వీడియో గేమ్ రివ్యూలూ చదివాను: సిల్క్‌సాంగ్, ఎక్స్‌పెడిషన్ 33, బాల్డర్స్ గేట్ 3. మూడింటిలో కలిపి ‘అద్భుతం’ పదకొండు సార్లు వచ్చింది. ‘గ్రాఫిక్స్ అదిరాయి’ అని మూడు చోట్ల ఉంది. ఏ వెర్షన్ ఆడావో, ఏ మెషిన్ మీద ఆడావో, ఎన్ని గంటలు ఆడావో మాత్రం ఒక్కచోటా లేదు. నీకు ఆడటం బాగా వచ్చునని అక్కడక్కడా తెలుస్తూనే ఉంది. కానీ కథ, గ్రాఫిక్స్, సంగీతం, గేమ్‌ప్లే, తీర్పు అని ఐదు మార్కుల ప్రశ్నలకు జవాబుల్లా విడగొట్టేసరికి అసలు గేమ్ జారిపోయింది.

ముందు ‘గేమ్‌ప్లే’ అనే ఉపశీర్షిక కొట్టెయ్. సినిమా సమీక్షలో ‘సినిమా’ అని ఉపశీర్షిక పెట్టరు కదా. ఆ చోట నీ వేళ్ళు ఏం చేస్తున్నాయో రాయి.

సిల్క్‌సాంగ్ గురించి ‘చాలా కష్టం, కానీ న్యాయమైన కష్టం’ అన్నావు. కాస్త కష్టమైన ప్రతి గేమ్‌కీ ఎవరో ఒకరు అతికించే మాట ఇది. కష్టం ఎక్కడ పుడుతోందో లెక్క కట్టు. నువ్వు ఆడించే పాత్ర హార్నెట్‌కి మొదట ఉండేవి 5 మాస్కులు, అంటే ప్రాణాలు. చాలా దెబ్బలకు రెండేసి మాస్కులు పోతాయి. అంటే పేరుకు ఐదు ప్రాణాలైనా మూడో దెబ్బకు పోతావు. ఎంతో తిరిగి ఆరో మాస్కు సంపాదించినా రెండేసి పోయేచోట మళ్ళీ మూడో దెబ్బకే పోతావు. ఏడోది వస్తేగానీ తేడా తెలీదు. ‘ఇంత కష్టపడి తెచ్చుకున్నా ఏం లాభం’ అని ఆడేవాళ్ళకు అనిపించడానికి కారణం ఈ చిన్న కూడికే.

నయం చేసుకోవడం కూడా చూడు. దీనికి ముందు భాగమైన పాత హాలో నైట్‌లో 33 సోల్ (కొడుతుంటే పోగయ్యే శక్తి) ఖర్చు పెడితే ఒక మాస్కు వచ్చేది. సందు దొరికినప్పుడల్లా కొంచెం కొంచెంగా కోలుకోవచ్చు. ఇక్కడ దాని బదులు 9 సిల్క్ ఉండాలి, ఒకేసారి 3 మాస్కులు వస్తాయి. ఎనిమిది ఉంటే ఒక్క మాస్కు కూడా రాదు. కాబట్టి ఒక దెబ్బ తగిలినప్పుడు ‘ఇప్పుడు కట్టు కట్టుకోనా, ఇంకో దెబ్బ తిన్నాక కట్టుకోనా’ అన్న జూదం పోరాటమంతా నడుస్తుంది. దానికి తోడు హార్నెట్ గాల్లోంచి కిందికి కొట్టే దెబ్బ మొదట్లో ఏటవాలుగా పోతుంది. పాత గేమ్‌లో నిట్టనిలువుగా ఉండేది. అందుకే మొదటి గంటల్లో కొత్తవాళ్ళకంటే పాత గేమ్ వందల గంటలు ఆడినవాళ్ళే ఎక్కువ తడబడతారు, చేతికి అలవాటైన కోణం వేరు కాబట్టి. ఇదంతా రాశాక ‘న్యాయమైన కష్టం’ అనాలో వద్దో పాఠకుడే తేల్చుకుంటాడు.

ఎక్స్‌పెడిషన్ 33లోనూ ఇదే పని చెయ్. ‘టర్న్ బేస్డ్ (వంతులవారీగా కొట్టుకునే ఆట) అయినా బోర్ కొట్టదు’ అన్నావు. ఎందుకు కొట్టదు? శత్రువు వంతులో కూడా నీ బొటనవేలికి పని ఉంది కాబట్టి. డాడ్జ్ చేస్తే తప్పించుకుంటావు, దానికి కొంచెం ఎక్కువ సమయం ఇస్తారు. ప్యారీకి, అంటే దెబ్బను సరిగ్గా తగిలే క్షణంలో కాచుకోవడానికి, సమయం తక్కువ. కానీ పడితే నీ వంతులో ఖర్చు పెట్టుకునే యాక్షన్ పాయింట్ వస్తుంది, వరసలోని దెబ్బలన్నీ ప్యారీ చేస్తే ఎదురుదెబ్బ కూడా కొడతావు. దీనివల్ల శత్రువు చెయ్యెత్తి కాసేపు ఆగి కొట్టడం, రెండు దెబ్బలు చకచకా వేసి మూడోది సాగదీయడం వంటివే గేమ్‌కి అసలు సరుకు అయ్యాయి. ఏదో ఒక శత్రువును పట్టుకుని దాని దెబ్బల లయ రాయి: ఎన్ని దెబ్బలు, ఎక్కడ ఆగుతుంది, నిన్ను ఎక్కడ మోసం చేస్తుంది. ఒక్క పోరాటాన్ని పది వాక్యాల్లో సరిగ్గా రాస్తే, పది పోరాటాల గురించి ఒక్కో విశేషణం వేసినదానికంటే ఎక్కువ తెలుస్తుంది.

ఇక వెర్షన్ నంబరు. సిల్క్‌సాంగ్ 2025 సెప్టెంబరు 4న వచ్చింది. కొద్ది రోజులకే వచ్చిన మొదటి ప్యాచ్‌లో, అంటే సవరణ అప్‌డేట్‌లో, మూర్‌వింగ్, సిస్టర్ స్ప్లింటర్ అనే ఇద్దరు తొలి బాస్‌ల (పెద్ద శత్రువుల) కష్టాన్ని కాస్త తగ్గించారు. నువ్వు మూర్‌వింగ్ గురించి ఒక పేరా నిండా తిట్టావు. ప్యాచ్‌కి ముందా, తర్వాతా? ముందైతే నీ తిట్టు చరిత్ర, తర్వాతైతే వార్త. రివ్యూ మొదట్లోనే వెర్షన్, తేదీ, మెషిన్, గంటలు, గేమ్ ఎలా చేతికొచ్చింది అన్నవి ఒక్క వరుసలో పెట్టెయ్.

పెర్ఫార్మెన్స్ గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే తెలుగులో దీన్ని సరిగ్గా రాసేవాళ్ళు తక్కువ, లాప్‌టాప్ కొనే ముందు అడిగేవాళ్ళు ఎక్కువ. ‘60 ఎఫ్‌పీఎస్ వస్తోంది’ అన్నావు, అంటే సెకనుకు 60 ఫ్రేములు, 60 బొమ్మలు. ఒక సెకనులో 59 ఫ్రేములు 15 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున వచ్చి, మిగిలిన ఒక్కటీ 115 మిల్లీసెకన్లు తీసుకుందనుకో. మొత్తం 1000. సగటు 60 అనే చూపిస్తుంది, కంటికి మాత్రం బొమ్మ తట్టుకుని పడ్డట్టు ఉంటుంది. కాబట్టి సగటుతో పాటు ‘1 శాతం లో’ అంకె, అంటే అన్నిటికంటే నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల వేగం, కూడా రాయి. క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ అనే ప్రోగ్రాము ఉచితం, అది ఫ్రేము ఫ్రేముకీ పట్టిన సమయం గీత గీసి చూపిస్తుంది. 60కి ఒక్కో ఫ్రేముకు దక్కేది 16.7 మిల్లీసెకన్లు, 30కి 33.3. గీత ఈ హద్దు దాటి ఎక్కడ లేస్తోందో చూడు.

కొలిచే పద్ధతి ఇది. చార్జర్ పెట్టి, పెర్ఫార్మెన్స్ మోడ్‌లో ఉంచు. బ్యాటరీ మీద గేమింగ్ లాప్‌టాప్ ఇచ్చే అంకెకు విలువ లేదు. బ్రౌజరు మూసెయ్. ముందు ఇరవై నిమిషాలు ఊరికే ఆడు, ఎందుకంటే చల్లగా ఉన్న లాప్‌టాప్ మొదటి ఐదు నిమిషాలు గొప్పలు పోతుంది, వేడెక్కాక తనను తాను తగ్గించుకుంటుంది. మే నెల మధ్యాహ్నం ఫ్యాను కింద వచ్చిన అంకె, డిసెంబరు రాత్రి వచ్చిన అంకె ఒకటి కావు, గది సంగతి కూడా రాయి. తర్వాత ఒకే సేవ్ ఫైలు నుంచి, ఒకే దారిలో, 60 సెకన్లు, మూడుసార్లు కొలువు. మూడింటిలో ఒకటి మరీ తేడాగా ఉంటే నాలుగోసారి.

స్టటర్, అంటే బొమ్మ క్షణం ఆగి కుదిపినట్టు, కనిపిస్తే ‘ఆప్టిమైజేషన్ చెత్త’ అని వదిలెయ్యకు. అదే చోటికి రెండోసారి వెళ్ళు. రెండోసారి రాకపోతే అది చాలావరకు షేడర్ స్టటర్: కొత్త మంటో, కొత్త మంత్రమో తెర మీదికి మొదటిసారి వచ్చినప్పుడు దాని ప్రోగ్రామును గ్రాఫిక్స్ కార్డుకు తగ్గట్టు అప్పటికప్పుడు తయారుచెయ్యడం వల్ల వచ్చే కుదుపు. డ్రైవర్ మారిస్తే మళ్ళీ మొదటికొస్తుంది, అందుకే డ్రైవర్ నంబరు కూడా రాయమనేది. ప్రతిసారీ అదే గుమ్మం దగ్గరే వస్తే కొత్త ప్రాంతం లోడ్ అవుతోందన్నమాట. ఆడేకొద్దీ పెరుగుతూ పోతే వేడినో మెమరీనో అనుమానించు. నీది 4 జీబీ గ్రాఫిక్స్ మెమరీ ఉన్న లాప్‌టాప్ కాబట్టి ముందు టెక్స్‌చర్లు (వస్తువుల పైపూత బొమ్మలు) ఒక మెట్టు దించి చూడు. ర్యామ్ ఒకటే స్టిక్ ఉందేమో కూడా చూసుకో. రెండు స్టిక్‌లు వెయ్యాల్సిన చోట ఒకటే వేసి అమ్మిన లాప్‌టాప్‌లలో ఆ లోపాన్ని గేమ్ మీదికి నెట్టేస్తుంటారు.

మరో మోసం అప్‌స్కేలింగ్. 1080పి తెర మీద ఎన్విడియా కార్డుల అప్‌స్కేలర్ డీఎల్‌ఎస్‌ఎస్‌ను క్వాలిటీ మోడ్‌లో పెడితే లోపల నిజంగా గీసేది 720పి బొమ్మే, మిగతాది అంచనాతో నింపుతుంది. తప్పేం లేదు, చాలాసార్లు బాగానే ఉంటుంది. కానీ ‘1080పిలో 60’ అని రాస్తే అబద్ధం. ఫ్రేమ్ జనరేషన్, అంటే నిజం ఫ్రేముల మధ్య కల్పించిన ఫ్రేములు చేర్చడం, సంగతి ఇంకా జాగ్రత్త. అంకె దాదాపు రెట్టింపవుతుంది, బటన్ నొక్కినప్పటి స్పందన మాత్రం అలా మెరుగవదు. ప్యారీ మీద బతికే గేమ్‌లో ఆ తేడా చేతికి తెలుస్తుంది.

ఫోన్ గేమ్‌లకూ ఇదే: ఫోన్ మోడల్, వెలుగు ఎంత పెట్టావు, అరగంట తర్వాత ఎలా ఉంది. పింగ్ (నెట్ ఆలస్యం) వేరు, ఫ్రేములు పడిపోవడం వేరు. రెండింటినీ ‘లాగ్’ అనే ఒకే గంపలో వెయ్యకు.

బాల్డర్స్ గేట్ 3ని 22 గంటలు ఆడి రాశానని నీ ఉత్తరంలో చెప్పావు, రివ్యూలో దాచావు. ఆ గంటలకు మొదటి అంకం దాటి ఉండవు. 2023 ఆగస్టులో ఆ గేమ్ వచ్చినప్పుడు మూడో అంకంలో, జనం కిక్కిరిసిన నగరంలోకి అడుగుపెట్టాక ప్రాసెసర్ మీద భారం పడి ఫ్రేములు బాగా పడిపోయేవి. తర్వాత ప్యాచ్‌లతో మెరుగుపరిచారు. మొదటి అంకంతో ఆపినవాళ్ళకు ఆ సంగతే తెలియదు. ముగించకుండా రాయడం నేరం కాదు. ఎక్కడ ఆపావో చెప్పి, అక్కడివరకే తీర్పు చెప్పు.

సైబర్‌పంక్ 2077 గొడవ గేమ్ జర్నలిజంలో దిగే ప్రతివాళ్ళూ తెలుసుకోవాలి. 2020 డిసెంబరు 10న వచ్చింది. అంతకుముందు ఆడి చూడటానికి విలేఖరులకు ఇచ్చింది పీసీ కోడ్‌లు మాత్రమే. తొలి సమీక్షల్లో సొంతంగా తీసుకున్న వీడియో చూపించడానికి ఒప్పుకోలేదు, కంపెనీ ఇచ్చినదే వాడాలి. పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ కన్సోళ్ళ (టీవీకి తగిలించే గేమ్ పెట్టెల) మీద అది ఎంత ఘోరంగా ఉందో కొన్నవాళ్ళకే మొదట తెలిసింది. వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్ నుంచి తీసేసింది, 2021 జూన్‌లో గానీ తిరిగి పెట్టలేదు. ఆ తొలి మార్కులిచ్చినవాళ్ళలో చాలామంది తాము చూసినదానికి నిజాయితీగానే ఇచ్చారు. ‘కన్సోల్ మీద చూడలేదు, చూడనివ్వలేదు’ అన్న వాక్యాన్ని పైన, పెద్దక్షరాల్లో పెట్టారా, కింద ఎక్కడో ఇరికించారా అన్నదే తేడా.

నీకూ ఎప్పుడో ఒకప్పుడు కోడ్ వస్తుంది. దానితో పాటు ఎంబార్గో వస్తుంది, అంటే ఫలానా గంట వరకు ప్రచురించకూడదని. గంటకు ఒప్పుకో, పరవాలేదు. అమెరికా పసిఫిక్ సమయం ఉదయం 8 అంటే వేసవిలో మనకు రాత్రి 8:30, చలికాలంలో 9:30. ఈ గంట తేడా మరిచి ముందే పెట్టేస్తే ఆ కంపెనీతో నీ పని అయిపోయినట్టే. ఏం అనాలో, ఏం అనకూడదో చెప్పే షరతులుంటే మాత్రం వెనక్కి పంపు, కొనుక్కుని రాయి. సిల్క్‌సాంగ్‌కి ముందస్తు కోడ్‌లే ఇవ్వలేదు. పెద్ద పత్రికలూ నువ్వూ ఒకే రోజు, ఒకే గీత నుంచి మొదలుపెట్టారు. అలాంటి చోట తొందరపడి గెలవలేవు, నీ ఒక్కడికే కనిపించినది రాస్తే గెలుస్తావు. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణంలో కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకు మించి ఆడకపోతే డబ్బు వెనక్కి అడగొచ్చు. హాస్టల్ బడ్జెట్‌కు ఈ నియమం బంగారం. మొదటి రెండు గంటల అనుభవం మాత్రమే ఒక చిన్న వ్యాసంగా రాసే అలవాటు చేసుకో, చదివేవాళ్ళకూ కొనాలా వద్దా అన్నది ఆ గడువులోపే తేల్చుకోవాలి కదా.

డబ్బు తీసుకుని రాస్తే ప్రకటన అని మొదటే రాయాలి. రమ్మీ, బెట్టింగ్ యాప్‌లవాళ్ళు ‘గేమింగ్ క్రియేటర్’ అంటూ వస్తే తలుపు తియ్యకు. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలకు ప్రకటన ఇచ్చినా రెండేళ్ళ వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా ఉన్నాయి. మన రెండు రాష్ట్రాల పాత గేమింగ్ చట్టంలో ‘గేమింగ్’ అంటే జూదమే. పేపర్లో ‘గేమింగ్‌పై నిషేధం’ అని చూసి మీ నాన్నగారు కంగారుపడ్డారంటే తప్పు ఆయనది కాదు, ఆ మాటది.

మార్కుల దగ్గర 8.7, 9.1 అని ఇచ్చావు. ఆ పాయింట్ ఏడుకీ పాయింట్ ఎనిమిదికీ మధ్య ఏముందో చెప్పగలిగితే ఉంచు. 2010లో ఫాల్‌అవుట్ న్యూ వేగస్ తీసిన అబ్సిడియన్ సంస్థకు, సమీక్షల మార్కులకు సగటు కట్టే మెటాక్రిటిక్ సైటులో 85 వస్తే బోనస్ అన్నారు. 84 వచ్చింది, బోనస్ పోయింది. అంకెలు వేసేటప్పుడు ఇది గుర్తుంటే చెయ్యి కాస్త నిదానిస్తుంది. నన్నడిగితే నువ్వు ఇప్పుడు మార్కులే మానెయ్.

భాష గురించి ఒక్క మాట. హిట్‌బాక్స్ (దెబ్బ తగిలినట్టు లెక్కపెట్టే హద్దు) వంటి మాటను సంస్కృతంలోకి మార్చకు, మొదటిసారి వాడినప్పుడు ఒక వాక్యంలో విప్పి చెప్పి, తర్వాత అలాగే వాడు. క్రియలు మాత్రం తెలుగువి వాడు. తప్పించుకోవడం, కాచుకోవడం, ఒడుపు, ఎత్తు, పట్టు వంటివి కర్రసాము దగ్గరా కబడ్డీ బరిలోనూ ఎప్పటినుంచో ఉన్న మాటలు. నువ్వు వాటిని వదిలి ‘కంబాట్ చాలా స్మూత్‌గా, రెస్పాన్సివ్‌గా ఫీల్ అవుతుంది’ అని రాశావు.

ముందు సిల్క్‌సాంగ్ తిరగరాయి. తొమ్మిది వందల మాటలు దాటకు. మూర్‌వింగ్ పేరా ఉంచు, తిట్లు తీసేసి అది ఎగిరే ఎత్తు, దిగే కోణం, నీకు దొరికే సందు పెట్టు. ఆడటం ఆపిన ప్రతిసారీ కంట్రోలర్ కింద పెట్టగానే ఐదు వరుసలు నోట్ చేసుకో, తెల్లారితే గుర్తుండేది కోపమే. సంక్రాంతి సెలవుల్లోపు పంపితే పెన్సిలుతో కూర్చుంటాను.

ఉంటాను.