ఖాతా పుస్తకంలో ఆ ఒక్క పద్దు

తమ్ముడికి,

నీ స్క్రిప్ట్ రెండుసార్లు చదివాను. మొదటిసారి రాత్రి ఏకబిగిన, రెండోసారి పొద్దున్నే పెన్సిల్ పట్టుకుని. అంత సాఫీగా చదివించావంటే నీకు చెయ్యి తిరిగినట్టే. అందుకే దాచకుండా చెబుతున్నాను. చివరి పదిహేను పేజీల్లో మూడు ట్విస్టులు పెట్టావు. హంతకుడు స్నేహితుడన్నావు, కాదు తమ్ముడన్నావు, ఆఖరికి ఎస్సై అన్నావు. రెండోది వచ్చేసరికే ఎవరైతే ఏముందిలే అనిపించింది.

క్రైమ్ సినిమాలు చూసి చూసి జనం ఆరితేరిపోయారు. సీట్లో కూర్చున్న దగ్గర్నుంచి ప్రతి పాత్రనీ అనుమానిస్తూనే ఉంటారు. 'ఎవరు చంపారు' అన్న ప్రశ్నకు నువ్వు ఎంత వింత జవాబిచ్చినా, ఆ ప్రశ్న వాళ్లకు పాతదే. ప్రశ్ననే మార్చగలవేమో చూడు.

1963లో జపాన్ దర్శకుడు కురొసావా తీసిన 'హై అండ్ లో' వెతికి చూడు. యొకొహామాలో కొండమీద ఒక ఇల్లు. దాని యజమాని గోండో, బూట్ల కంపెనీలో పెద్ద అధికారి. కంపెనీని చేతుల్లోకి తెచ్చుకోవాలని ఇంటితో సహా ఉన్నదంతా తాకట్టు పెట్టి డబ్బు కూడబెట్టాడు. అంతలో ఫోన్ వస్తుంది. నీ కొడుకు మా దగ్గరున్నాడు, 3 కోట్ల యెన్‌లు ఇమ్మని. ఎంతైనా ఇస్తానంటాడు తండ్రి. అప్పుడే ఆ కొడుకు ఆడుకుంటూ ఇంట్లోకి వస్తాడు! పిల్లలిద్దరూ ఆటలో బట్టలు మార్చుకున్నారు. ఎత్తుకెళ్లింది డ్రైవర్ కొడుకుని. పొరపాటు తెలిసినా ఆ కిడ్నాపర్ డబ్బు ఇవ్వాల్సిందేనంటాడు.

ఫోన్, పోలీసులు, డబ్బు సంచి అన్నీ మనం ఎరిగినవే. మారింది పిల్లవాడొక్కడే. కన్నకొడుకైతే ఇస్తాడా లేదా అన్న అనుమానమే ఎవరికీ రాదు. ఇప్పుడు కథంతా ఆ అనుమానం మీదే నడుస్తుంది. సుమారు గంటసేపు ఆ హాల్లోనే ఉంటాం. డ్రైవర్ నేలమీద పడి బతిమాలుతుంటాడు. ఇస్తే గోండో వీధిన పడతాడు, ఇవ్వకపోతే ఆ డ్రైవర్ ముఖం ఇక ఎలా చూస్తాడు?

ఆ తర్వాత వచ్చే ఒక చిన్న సీన్ నాకు ప్రాణం. ఆనవాలు దొరకడానికి పోలీసులు డబ్బు సంచుల్లో గుళికలు పెట్టాలి. ఒకటి తడిస్తే వాసనొస్తుంది, ఒకటి కాలిస్తే గులాబీ రంగు పొగ వస్తుంది. గోండో మాట్లాడకుండా తన పాత పనిముట్లు తెప్పించుకుని, నేలమీద కూర్చుని, ఆ తోలు సంచుల్లో తనే వాటిని అమర్చి కుడతాడు. అంత పెద్ద అధికారీ మొదట్లో తోలు కుట్టిన పనివాడేనని ఆ చేతులు చెబుతాయి. పిల్లవాడు మారకపోతే ఈ సీనే పుట్టదు. ఒక నియమం మారిస్తే దాని వెనకాలే ఇలాంటివి వాటంతటవే వస్తాయి.

మన 'దృశ్యం' (2014) సంగతి నీకు తెలుసు. చంపిందెవరో ముందే చూపించేశారు. మామూలుగా పోలీసు పగలగొట్టే అబద్ధాన్ని ఇక్కడ ఒక కేబుల్ ఆపరేటర్ ఒక్కో ఇటుకా పేర్చి కడుతుంటే పక్కనే ఉండి చూశాం, అది నిలబడాలని కోరుకున్నాం. వెంకటేశ్ అంతటి హీరో దెబ్బలు తిన్నా తిరిగి కొట్టలేదు. కొడితే ఆ కథ అక్కడే కూలిపోయేది.

హంతకుడు దొరకకుండా ముగిస్తే కొత్తగా ఉంటుందా అని అడిగావు. 2003లో కొరియా దర్శకుడు బాంగ్ జూన్ హో 'మెమొరీస్ ఆఫ్ మర్డర్' అలాగే ముగించాడు. ఆ సినిమాకి ఆధారమైన కొరియా హత్యల కేసు అప్పటికి నిజంగానే తేలలేదు, ఆ బాధ సినిమా అంతటా ఉంది. నీ కథలో ఆ బాధ లేదు. జవాబు ఎగ్గొడితే మోసపోయామనుకుంటారు.

ఇక నీ 62వ పేజీకి వద్దాం. చనిపోయిన ఫైనాన్స్ వ్యాపారి భార్య పెద్దకర్మ అయిన మర్నాడు బాకీ కట్టడానికి కిరాణా కొట్టుకి వస్తుంది. కొట్టతను ఖాతా పుస్తకం తీసి వేలితో చూసుకుంటూ పోతాడు. ఆయన పోయిన మర్నాటి తారీఖున ఆయన పేరుమీదే రెండు సిగరెట్ పెట్టెల పద్దు ఉంటుంది. అక్కడ నాకు ఒళ్లు జలదరించింది. నువ్వేమో ఆ పుస్తకాన్ని ఎస్సై చేతికిచ్చి రెండు పేజీల్లో మర్చిపోయావు.

ఆ సీన్‌ని మొదటి పావుగంటలోకి తీసుకురా. ఎస్సైని పక్కన పెట్టు. ఆ పద్దు సంగతి కొట్టతనికి ఒక్కడికే తెలియాలి. ఇంకొకటి, అతను కూడా ఆ వ్యాపారి దగ్గర నోటు రాసి అప్పు తీసుకున్నవాడే అయివుండాలి. నోరు విప్పితే కేసు మళ్లీ తెరుస్తారు, బీరువాలోంచి అతని నోటూ బయటికొస్తుంది. నోరు మూసుకుంటే అప్పు పోయినట్టే. ఎదురుగా ఆవిడ చిల్లర లెక్కపెడుతోంది. అతను ఆ పేజీ తిప్పేస్తాడా, చదువుతాడా?

ఆ ఒక్క సీన్ రాసి పంపు. మిగతా స్క్రిప్ట్ జోలికి ఇప్పుడే పోకు.

మీ అన్నయ్య