మిలిటరీ వాచీ అంటే నా లెక్కలో క్యాంటీన్లో కొన్నదే

ప్రశ్న: పాత మిలిటరీ వాచీలు సేకరించాలని ఉంది, వాటిని పెట్టుకున్న సైనికుల కథలతో సహా. అసలైనవి ఎలా గుర్తుపట్టాలి? ఎక్కడ కొనాలి?

ఈ పిచ్చి నాకు చాలా ఏళ్లుగా ఉంది కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను. మీరు అడిగినవి రెండు, ఆ రెండూ ఒకే వాచీలో దొరకడం చాలా అరుదు. సైన్యం ఇచ్చిన వాచీ కావాలంటే కథ దొరకదు. కథ కావాలంటే అది సైన్యం ఇచ్చిన వాచీ అయి ఉండదు.

ఎందుకంటే ఇష్యూ వాచీ, అంటే సైన్యం ఇచ్చే వాచీ, సైనికుడిది కాదు, సర్కారుది. బ్రిటిష్ వాళ్ల వాచీల మీద మూడు గీతల బాణం గుర్తు ఉంటుంది చూడండి, అది ప్రభుత్వ ఆస్తి అని వేసిన ముద్ర. స్టోర్స్‌లోంచి వస్తుంది, మళ్లీ స్టోర్స్‌కే పోతుంది, ఇవాళ ఒకడి చేతికి, వచ్చే ఏడాది ఇంకొకడి చేతికి. రెండో ప్రపంచ యుద్ధం ఆఖర్లో, 1945 ప్రాంతంలో, బ్రిటిష్ సైన్యం కోసం పన్నెండు కంపెనీలు ఒకే నమూనాలో వాచీలు చేసిచ్చాయి. ఒమేగా, లాంజిన్స్, ఐడబ్ల్యూసీ, సైమా, బ్యూరెన్, గ్రానా వగైరా. నల్ల డయలు, మూత మీద మూడు డబ్ల్యూలు, బాణం, నంబర్లు. కలెక్టర్లు వీటికి డర్టీ డజన్ అని పేరు పెట్టుకుని, పన్నెండూ పూర్తి చేయడానికి ఆస్తులు కరిగిస్తుంటారు. అందులో గ్రానా దొరకదు, దొరికితే కొనలేం. సరే, డబ్బుంటే కొనుక్కోండి, వద్దనను. కానీ ఆ నంబరు చూపించి ఫలానా సైనికుడు ఫలానా యుద్ధంలో పెట్టుకున్నదండీ అని ఎవరైనా అంటే, ఆ మాట రాసున్న కాగితం చూపించమనండి. మూత మీద నంబరు వాచీది, మనిషిది కాదు.

కాగితం ఉంటే సంగతి వేరు. 1943లో జర్మన్ల ఖైదీల శిబిరం స్టాలాగ్ లుఫ్ట్ 3లో ఉన్న క్లైవ్ నటింగ్ అనే బ్రిటిష్ కార్పొరల్, అక్కడ బూట్లు కుట్టే పని చేసేవాడు, స్విట్జర్లాండులోని రోలెక్స్‌కి ఉత్తరం రాసి ఒక క్రోనోగ్రాఫ్, అంటే స్టాప్‌వాచీ కూడా కలిసున్న వాచీ, కావాలన్నాడు. ఆ కంపెనీ యజమాని హాన్స్ విల్స్‌డార్ఫ్, డబ్బు సంగతి యుద్ధం అయ్యాక చూద్దాంలే అని వాచీ పంపించాడు. 2007లో ఆ వాచీ, ఆ ఉత్తరాలతో కలిపి వేలంలో 66 వేల పౌండ్లకి పోయింది. అది కూడా సైన్యం ఇచ్చింది కాదు, ఆయన సొంతంగా తెప్పించుకున్నది. నేను చెప్పేదీ అదే.

మన దగ్గర మామూలు జవానుకి సైన్యం బూట్లిచ్చింది, దుప్పటిచ్చింది, వాచీ మాత్రం చాలావరకు తన జీతంలోంచి తనే కొనుక్కున్నాడు. బ్రిటిష్ కాలంలో అయితే వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీది. స్విస్ సరుకే, కానీ బొంబాయి, కలకత్తాల్లో అమ్మకాలు, అందులో సోవార్ ప్రైమా అంటే మన పాతతరం ఫౌజీల ఇళ్లలో ఇప్పటికీ గుర్తుపట్టేవాళ్లుంటారు. తర్వాత హెచ్‌ఎంటీ. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో మొదలైంది, జవాన్, సైనిక్, పైలట్ అని పేర్లు కూడా మిలిటరీ వాసనతోనే పెట్టారు. మిలిటరీ క్యాంటీన్లో చవగ్గా వచ్చేది. సెలవుకి వచ్చిన ప్రతివాడి ట్రంకు పెట్టెలోనూ బావమరిదికో తమ్ముడికో ఒకటి ఉండేది. ఆ కంపెనీని 2016లో మూసేయాలని నిర్ణయించాక జనానికి ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చి రేట్లు పెంచేశారు. అంతకు ముందు ఇవే వాచీలు పిల్లలు ఆడుకోవడానికి ఇచ్చేవాళ్లు.

ఒక వాచీ సంగతి చెబుతాను.

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అని ఉంది, మిలిటరీ మాధవరం అంటేనే జనానికి తెలుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ఆ ఒక్క ఊరి నుంచే వెయ్యి మందికి పైగా వెళ్లారు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో కూడా ఫౌజీ కుటుంబాలు బాగానే ఉంటాయి. మా మేనత్త వాళ్లది అటువైపే. వాళ్ల వీధిలో ఒక రిటైర్డ్ హవల్దారు గారున్నారు, ఆర్టిలరీ, హైదరాబాదు గోల్కొండ సెంటర్లో ట్రైనింగు. మా నాన్న ఈడు వాళ్లకి కాస్త పెద్ద, నేను మావయ్యగారూ అంటాను. ఆయన దగ్గర పాత హెచ్‌ఎంటీ ఉందని వాళ్ల పెద్దబ్బాయే నాకు ఫోన్ చేశాడు. వెళ్లగానే కాఫీ కంటే ముందు కథ వచ్చింది. 1971లో షకర్‌గఢ్ వైపు యుద్ధంలో బాంబు ముక్క ఎగిరొచ్చి వాచీకి తగిలిందని, అది అడ్డం లేకపోతే నాన్నగారి చెయ్యి తెగిపోయేదని చెబుతూ కేసు అంచు మీద గంటు చూపించాడు. గంటు నిజంగానే ఉంది, వేలు పెడితే తెలిసేంత లోతు.

పెద్దాయన అరుగు మీద కూర్చుని అంతా విన్నారు.

"ఒరే, ఆపు" అన్నారు కొడుకుతో. నావైపు తిరిగి, "బాంబూ లేదు గీంబూ లేదు అబ్బాయ్. బోరులోకి మోటారు దింపుతుంటే గొలుసు జారి తగిలింది. రిటైరయ్యి ఇంటికొచ్చాక సంగతి అది."

కొడుకు మొహం చూడాలి. పాపం బళ్లో కూడా అందరికీ చెప్పుకున్నాడట. "అమ్మ చెప్పింది కదండీ" అని గొణిగాడు. "నువ్వు అన్నం తినకపోతే మీ అమ్మ ఇంకా చాలా చెప్పిందిరా" అన్నారాయన.

సరే మరి మూత మీద ఈ నంబరేంటి అని అడిగాను. చేత్తో చెక్కిన ఆర్మీ నంబరు, అంకెలు కాస్త వంకరగా ఉన్నాయి. పఠాన్‌కోట్ బజార్లో స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టేవాడి చేత కొట్టించారట. బారక్‌లో అందరూ అదే క్యాంటీన్లో అదే వాచీ కొన్నవాళ్లే, స్నానానికి వెళ్తూ విప్పి పెట్టినది తిరిగొచ్చేసరికి ఎవడి చేతికో ఉండేది. అందుకని నంబరు.

అసలు కథ ఆ తర్వాత మెల్లగా వచ్చింది, అదీ నేను అడిగితే కాదు, నల్ల డయలు మీద ముళ్లకి పూసిన రేడియం రాలిపోయిందని మాటల్లో అంటే వచ్చింది. 1971 డిసెంబరు. వాళ్లది 25 పౌండర్ గన్ను, అంటే ఫిరంగి, దాని మీద ఆరుగురు. రాత్రిళ్లు వంతులవారీగా సెంట్రీ, అంటే కాపలా. దీపం పెట్టడానికి లేదు, అగ్గిపుల్ల గీసినా తిట్లే. చీకట్లో టైము కనబడే వాచీ ఆ గన్ను మీద ఈయనదొక్కటే. అందుకని ఎవరి వంతు వస్తే వాళ్ల చేతికి వాచీ వెళ్లేది, వంతు అయిపోగానే పక్కవాణ్ని లేపి వాడి చేతికి తొడగడం. మొదటి రాత్రే, తెల్లవారుజామున అందరూ లేచి గన్ను దగ్గర సిద్ధంగా ఉండాల్సిన టైమైందని ఈయన గన్ను వాళ్లంతా హడావుడిగా లేచి నిలబడితే, పక్క గన్నుల వాళ్లు ఇంకా గుర్రుపెడుతున్నారట. వాచీ ముప్పావు గంట ముందుంది.

ఆ చలికి తట్టుకోలేక ప్రతివాడూ తన వంతు మధ్యలో కీ లాగి ముళ్లు ఓ పది నిమిషాలు ముందుకు తిప్పుకుని, "లేవరా, నీ టైమైంది" అనేశాడు. "ఎవడికి వాడు తనొక్కడే తెలివైనోడు అనుకున్నాడు" అని పెద్దాయన నవ్వారు. ఎగ్గొట్టిన సెంట్రీ మొత్తం కలిసి అందరి నిద్రలోంచే పోయింది. మర్నాడు గన్ను పెద్ద, వాళ్ల భాషలో నంబర్ వన్, ఫీల్డ్ టెలిఫోను తీగలోంచి సన్నటి రాగి పోగు ఊడబీకి, సాయంత్రం కీ ఇచ్చాక ఆ కీని పట్టీ కొక్కేనికి బిగించి కట్టేశాడు. ఎవడు లాగినా పొద్దున తెలిసిపోవాలని. మీలో నమ్మని వాళ్లుంటారు కాబట్టి చెబుతున్నా, కీ పక్కన కేసు మీద ఆ తీగ రాసుకున్న సన్నటి గీతలు భూతద్దంలో చూస్తే ఇంకా కనబడతాయి. పెద్ద గంటు బోరు మోటారుది, కంటికి ఆనని గీతలు యుద్ధానివి. ఈ వాచీ ఏ దళారి చేతిలోనైనా పడి ఉంటే బాంబు ముక్క కథతో పదింతలు రేటుకి అమ్మేవాడు, ఆ గీతల్ని పాలిష్ పెట్టి తీసేసేవాడు. ఇది మాత్రం రాసిస్తాను.

మూత మీద నంబరు ఆయనదేనని ఎలా తెలిసింది అంటారేమో. మన మెడల్స్ అంచు చుట్టూ నంబరు, ర్యాంకు, పేరు కొట్టి ఉంటాయి. ఆయన సంగ్రామ్ మెడల్ అంచు మీదా, డిశ్చార్జ్ బుక్కులోనూ అదే నంబరు ఉంది. పశ్చిమీ స్టార్ కూడా ఉంది కాబట్టి పడమటి వైపు యుద్ధంలో ఉన్నట్టే. కథకి ఇంతకంటే సాక్ష్యం ఏ వేలంపాట వాడూ ఇవ్వలేడు. రెండో ప్రపంచ యుద్ధం మెడల్స్‌లో కూడా బ్రిటన్ తన సైనికులకి పేర్లు లేకుండానే ఇచ్చింది, మన భారతీయ సైనికులకి ఇచ్చిన వాటి మీద మాత్రం పేర్లుంటాయి. అంటే ఇంగ్లండులో తాతగారి వాచీ ఎవరిదో తేల్చుకోవడం కంటే మన ఊళ్లో తేల్చుకోవడం తేలిక. కానీ మనవాళ్లు ఏం చేస్తారంటే మెడల్స్ తీసుకెళ్లి పాత వెండి అనుకుని తూకానికి వేస్తారు, డిశ్చార్జ్ బుక్కు పింఛను పని అయిపోగానే అటక మీద చెదలకి వదిలేస్తారు. పెళ్లి ఆల్బమ్ అయితే మూడు కవర్లలో చుట్టి బీరువాలో పెడతారు.

వాచీ అమ్ముతారా అని అడిగాను. "నీకెందుకు, నీకేమైనా సెంట్రీ డ్యూటీ ఉందా?" అన్నారు. అక్కడితో బేరం అయిపోయింది. ఫొటోలు తీసుకున్నాను, ఆయన మాట ఫోన్లో రికార్డు చేసుకున్నాను, నా సేకరణలో దాన్నే అన్నిటికంటే ముందు లెక్కపెడతాను. వాచీ లేని సేకరణ ఏంటని నవ్వేవాళ్లు నవ్వచ్చు.

ఇక మీరడిగిన గుర్తుపట్టడం. పాత బ్రిటిష్ ఇష్యూ వాచీలకి చాలావరకు పట్టీ వేసే కడ్డీలు కేసుకే అతికి ఉంటాయి, ఊడిరావు, యుద్ధంలో స్ప్రింగు పుల్ల ఊడి వాచీ పడిపోకూడదని. స్ప్రింగు పుల్లలున్న కేసు మీద బాణం కనిపిస్తే అక్కడ ఆగి ఇంకోసారి చూడండి. డయలు మీద అక్షరాలు మరీ తళతళలాడుతుంటే అది కొత్త రంగు. ఆన్‌లైన్లో 1971 వార్ వాచ్ అని, డయలు మీద అశోక చక్రం, పక్కన ట్యాంకు బొమ్మ వేసి అమ్ముతున్నారే, అవన్నీ పాత హెచ్‌ఎంటీ మిషన్ తీసుకుని కొత్త డయలు అంటించినవి. ఇలాంటి అతుకుల వాచీలకి విదేశీ కలెక్టర్లు ముంబై స్పెషల్ అని పేరే పెట్టేశారు, పరువు పోయేది మనకి. సోవియట్ కమాండిర్‌స్కీ వాచీలు కూడా బాగానే తిరుగుతున్నాయి. డయలు మీద రష్యన్‌లో రక్షణ శాఖ ఆర్డరు అని రాసి ఉన్నంత మాత్రాన అది ఏ అఫ్ఘాన్ యుద్ధంలోంచో వచ్చిందని నమ్మకండి.

ఇంకొకటి, ఇది సరదా విషయం కాదు. 1940ల వాచీల ముళ్ల మీద ఉన్నది నిజం రేడియం. ఇప్పుడు వెలగడం లేదు కదా, దాని పని అయిపోయింది అనుకుంటారు. వెలుగునిచ్చే జింక్ సల్ఫైడ్ చచ్చిపోయింది, రేడియం చావలేదు, అది సగానికి తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. అద్దం తీసి గోటితో గోకడం, పొడి ఊదడం చేయకండి, పడకగదిలో సొరుగు నిండా పెట్టుకోకండి. తర్వాత రేడియం బదులు ట్రిటియం పూసిన వాచీలతో అంత భయం లేదు, డయలు మీద చిన్న టీ అక్షరం చూసి పోల్చుకోవచ్చు.

ఎక్కడ కొనాలంటే, హైదరాబాదులో ఎర్రగడ్డ సండే మార్కెట్, పురానాపూల్ దగ్గర జుమ్మెరాత్ బజార్ ఉన్నాయి, పొద్దున్నే వెళ్లాలి, ఎండెక్కాక మిగిలేది చెత్త. అక్కడ వాచీలు దొరుకుతాయి, మనుషులు దొరకరు. మనుషులు కావాలంటే మీ బంధువుల్లో ఎవరెవరు మిలిటరీలో చేశారో మీ అమ్మగారిని అడగండి, ఆవిడకి ఆ జాబితా నోటికి వచ్చు. వెళ్లినప్పుడు వాచీ గురించి అడగొద్దు, ఏ రెజిమెంటు, ఎక్కడ పోస్టింగు, భోజనం ఎలా ఉండేది అని అడగండి. వాళ్లంతట వాళ్లే లోపలికెళ్లి పెట్టె తెస్తారు. కొడుకులు చెప్పే కథ రెండో చెవితో వినండి.

ఇక రిపేరు. మా ఊళ్లో ఒక మెకానిక్కుకి సోవార్ ప్రైమా ఒకటి శుభ్రం చేయమని ఇస్తే, మూత మీదున్న పేరుని గీతలనుకుని బఫింగు పెట్టి అద్దంలా చేసి నవ్వుతూ తెచ్చిచ్చాడు, పైగా పాలిష్ ఫ్రీ అన్నాడు. అప్పటి నుంచీ పాలిష్ వద్దు, డయలు ముట్టుకోవద్దు, తీసేసిన ముక్క ఏదైనా కవర్లో వేసి ఇవ్వాలి అని చీటీ రాసి వాచీకే రబ్బరు బ్యాండుతో చుట్టి ఇస్తున్నాను. నోటితో చెబితే ఎవడూ వినడు.