దుబాయ్ క్రెడిట్ కార్డు బాకీకి జగిత్యాలలో పొలం జప్తు చేస్తారా?

ప్రశ్న: ఆరేళ్లు దుబాయ్‌లో ఒక సూపర్ మార్కెట్‌లో సూపర్‌వైజర్‌గా చేశాను. జీతం 6,500 దిర్హామ్‌లు. 25,000 దిర్హామ్‌ల లిమిట్‌తో క్రెడిట్ కార్డు తీసుకుని చెల్లె పెండ్లికి వాడుకున్నాను. నిరుడు కంపెనీ ఉద్యోగంలోంచి తీసేసింది. వీసా క్యాన్సిల్ చేయించుకుని ఇంటికి వచ్చేసరికి 19,000 బాకీ ఉంది. ఇప్పుడు రికవరీ ఏజెంట్లు ఫోన్లు చేసి పాస్‌పోర్టు రద్దు చేయిస్తాం, ఇంటర్‌పోల్‌కు ఇస్తాం, మీ నాయన పేరు మీదున్న రెండెకరాలు జప్తు పెడతాం అంటున్నారు. కార్డు ఇచ్చేటప్పుడు ఖాళీ చెక్కు మీద సంతకం కూడా తీసుకున్నారు. నేను మళ్లీ గల్ఫ్ వెళ్లగలనా? మా తమ్ముడు వచ్చే నెల షార్జా పోతున్నాడు, వాడు కార్డు తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, జగిత్యాల జిల్లా

జవాబు: ముందు పొలం సంగతి చూద్దాం. కార్డు మీది, ఒప్పందం మీద సంతకం మీది. మీ నాయన గారు ఎక్కడా జామీను ఉండకపోతే ఆ బాకీతో ఆయనకు సంబంధం లేదు. రెండెకరాలు ఆయన సొంత సంపాదన అయితే మీ బాకీ కింద ఏ కోర్టూ దాన్ని జప్తు చేయదు. అయితే ఒక మెలిక ఉంది. ఆ భూమి తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయితే, పట్టా ఎవరి పేరున ఉన్నా అందులో మీ వాటా ఉంటుంది. మీ మీద డిక్రీ, అంటే బాకీ కట్టాలని కోర్టు ఇచ్చిన ఉత్తర్వు ఉంటే ఆ వాటా మేరకు జప్తు అడిగే దారి బ్యాంకుకు దొరుకుతుంది. ఈ మాట విని ఆ వాటాను భార్య పేరునో తమ్ముడి పేరునో రాయించే పని మాత్రం పెట్టుకోకండి. అప్పులవాళ్లను ఎగ్గొట్టడానికి చేసిన బదిలీ అని తేలితే ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 53 కింద అది నిలవదు. పైగా కోర్టు ముందు మీ నిజాయితీ మీదే మచ్చ పడుతుంది.

పాస్‌పోర్టు రద్దు చేయించడం బ్యాంకు చేతిలో లేదు. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం సెక్షన్ 10(3) ఆ అధికారాన్ని పాస్‌పోర్టు అధికారికి ఇచ్చింది. అందులో రాసిన కారణాల్లో బ్యాంకు బాకీ లేదు. ఇంటర్‌పోల్ కూడా ప్రైవేటు తగాదాల్లోంచి పుట్టిన కేసులకు సాధారణంగా రెడ్ నోటీసు (మనిషిని వెతికి పట్టుకోమని దేశాలకు పంపే విజ్ఞప్తి) ఇవ్వదు. ఫోన్ చేసిన వాళ్లను ఏ బ్యాంకు తరఫున మాట్లాడుతున్నారో, అధికార పత్రం ఏదో, బాకీ లెక్క ఎంతో ఈమెయిల్‌లో పంపమనండి. ఇంట్లో వాళ్లకు ఫోన్ చేసి బెదిరిస్తే కాల్ రికార్డులతో స్థానిక పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 351 కింద బెదిరింపు నేరం.

ఏజెంట్లు అబద్ధాలు చెప్తున్నారంటే బాకీ గాలికి పోయిందని కాదు. ఇండియాకు వచ్చేస్తే దుబాయ్ కోర్టు ఏం చేయలేదనే మాట గల్ఫ్ క్యాంపుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. 2020 జనవరి నుంచి ఆ మాట చెల్లదు. ఆ నెలలో కేంద్ర ప్రభుత్వం సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 44ఏ కింద యూఏఈని పరస్పర అమలు దేశంగా నోటిఫై చేసింది. దుబాయ్, అబుదాబి, షార్జా, రస్ అల్ ఖైమా సహా అక్కడి కోర్టులన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. అంతకుముందు బ్యాంకు అక్కడి తీర్పు పట్టుకుని ఇక్కడ కొత్తగా దావా వేయాల్సి వచ్చేది. ఇప్పుడు డిక్రీ సర్టిఫైడ్ కాపీ, అందులో ఎంత వసూలైందో ఆ కోర్టు ఇచ్చిన సర్టిఫికెట్ తెచ్చి మీ జిల్లా కోర్టులో పెడితే, అది ఇక్కడి డిక్రీలాగే అమలుకు వస్తుంది. మూడేళ్లు గడిస్తే చాలు, ఇక వసూలు చేయలేరు అనేది కూడా తప్పే. 2020 మార్చిలో బ్యాంక్ ఆఫ్ బరోడా, కోటక్ మహీంద్రా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు, ఇలాంటి డిక్రీ అమలుకు ఆ డిక్రీ ఇచ్చిన దేశపు కాలపరిమితినే చూడాలని చెప్పింది.

అలాగని మీకు చెప్పుకునే అవకాశం లేకుండా ఇంటి మీదికి అమీనా (జప్తు చేసే కోర్టు ఉద్యోగి) రాడు. 44ఏ కింద వచ్చిన డిక్రీ అయితే అదే కోడ్‌లోని ఆర్డర్ 21 రూల్ 22 ప్రకారం ముందు మీకు నోటీసు ఇవ్వాలి. అది అందిన రోజే వకీలు దగ్గరికి వెళ్లండి. అదే కోడ్ సెక్షన్ 13లో విదేశీ తీర్పు మీద చెప్పుకోగల ఆరు అభ్యంతరాలు ఉన్నాయి. ఇలాంటి కేసుల్లో పనికొచ్చేవి ముఖ్యంగా రెండు: తీర్పు కేసు మంచిచెడ్డల మీద ఇచ్చింది కాదని ఒకటి, మీకు నోటీసు అందలేదని ఇంకొకటి. ఎక్స్ పార్టీ (మీరు హాజరు కాకుండానే ఇచ్చింది) అయినంత మాత్రాన డిక్రీ చెల్లకుండా పోదు. సాక్ష్యం చూసి ఇచ్చిందా, మీరు రాలేదు కాబట్టి అడిగినంతా ఇచ్చేసిందా అన్నది కీలకం. ఖాళీ చెక్కు మీద విచారణ లేకుండా నేరుగా పుట్టిన అమలు ఉత్తర్వు అయితే, అది అసలు సెక్షన్ 44ఏ చెప్పే డిక్రీయేనా అని గట్టిగా వాదించవచ్చు. ‘అక్కడి కోర్టుకు నా మీద అధికారం లేదు’ అనే వాదన మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. కార్డు ఒప్పందంలోనే యూఏఈ కోర్టులకు మీరు ఒప్పుకుని ఉంటారు.

నోటీసు విషయంలో చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. యూఏఈ కోర్టులు ఈమెయిల్, ఎస్సెమ్మెస్ ద్వారా కూడా నోటీసులు ఇస్తాయి. దుబాయ్ సిమ్ పడేసి, పాత ఈమెయిల్ తెరవకుండా ఉంటే నోటీసు వెళ్లినట్టే లెక్క, మీకు మాత్రం తెలియదు. ఆ ఈమెయిల్ ఈరోజే తెరవండి, స్పామ్ ఫోల్డర్‌తో సహా. బ్యాంకుకు మీ ప్రస్తుత చిరునామా, నంబరు రాతపూర్వకంగా పంపండి.

అమలు దశలోనూ కొన్ని రక్షణలున్నాయి. మీరు వ్యవసాయం మీద బతుకుతూ సొంత ఇంట్లోనే కాపురం ఉంటే ఆ ఇల్లు సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 కింద జప్తుకు రాదు. పొలానికి మాత్రం ఈ మినహాయింపు లేదు. జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. ప్రావిడెంట్ ఫండ్ సొమ్ము కూడా అంతే. సివిల్ జైలు అనేది కట్టగలిగే స్తోమత ఉండి కూడా కావాలని ఎగ్గొట్టేవాడికే. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు, డబ్బు లేకపోవడం జైలుకు కారణం కాదని స్పష్టంగా చెప్పింది.

ఇక చెక్కు. 2022 జనవరి 2 నుంచి యూఏఈలో చట్టం మారింది. ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగి రావడం ఇప్పుడు క్రిమినల్ కేసు కాదు. బదులుగా ఆ చెక్కునే అమలు పత్రంగా పట్టుకుని బ్యాంకు నేరుగా ఎగ్జిక్యూషన్ కోర్టుకు వెళ్తుంది. చెక్కు పాస్ కాకూడదని దురుద్దేశంతో స్టాప్ పేమెంట్ ఇవ్వడం, ముందే ఖాతా మూసేయడం లేదా డబ్బంతా తీసేయడం లాంటివి ఇంకా నేరాలే. మీరు వచ్చేటప్పుడు ఖాతా ఏం చేశారో ప్రశ్నలో రాయలేదు. మీ వకీలుకు మాత్రం దాపరికం లేకుండా చెప్పండి.

మళ్లీ గల్ఫ్ వెళ్లాలంటే టికెట్ కొనేముందు మీ మీద ఏముందో తెలుసుకోవాలి. దుబాయ్‌లో ఆర్థిక కేసులు ఉన్నాయో లేవో దుబాయ్ పోలీస్ యాప్‌లో ఎమిరేట్స్ ఐడీ నంబరుతో చూడవచ్చు. అబుదాబి కేసులకు అక్కడి జ్యుడీషియల్ డిపార్ట్‌మెంట్ వారి ‘ఎస్తఫ్సర్’ సేవ ఉంది. ఒకచోట ఏమీ లేదంటే దేశమంతా లేనట్టు కాదు, బ్యాంకు ఏ ఎమిరేట్‌లో కేసు వేసిందో అక్కడ చూడాలి. బాకీ 10,000 దిర్హామ్‌లు దాటితే బ్యాంకు ట్రావెల్ బ్యాన్ అడగవచ్చు, మీది దాటింది. బ్యాన్ మాత్రమే ఉంటే లోపలికి వెళ్లినా తిరిగి బయటికి రానివ్వరు. అరెస్టు ఉత్తర్వు ఉంటే ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గరే ఆపుతారు. ఖతార్, కువైట్, సౌదీ అయితే ఇబ్బంది లేదని ఏజెంట్లు చెప్తారు. ఆ దేశాల మధ్య కూడా తీర్పుల అమలుకు ఒప్పందం ఉంది కాబట్టి ఆ మాట నమ్ముకుని బయలుదేరవద్దు.

నా సలహా సెటిల్‌మెంట్. ఇప్పుడే, ఇంకా డిక్రీ కాకముందే. బ్యాంకులో నమోదైన మీ ఈమెయిల్ నుంచి లయబిలిటీ లెటర్ (బాకీ ఎంతో చెప్పే కాగితం), చివరి 12 నెలల స్టేట్‌మెంట్లు అడగండి. అసలు ఎంత, వడ్డీ ఎంత, లేట్ ఫీజు ఎంత అని విడదీసి రాసుకోండి. ఆ స్టేట్‌మెంట్లలో ‘క్రెడిట్ షీల్డ్’ అనే వరుస ఉందేమో తప్పక వెతకండి. బాకీ మీద నెలనెలా చిన్న మొత్తం కోస్తూ వచ్చే బీమా ఇది. చాలా పాలసీలు ఉద్యోగం పోయినప్పుడు కొంత బాకీ తీరుస్తాయి. మీరు రాజీనామా చేయలేదు, కంపెనీయే తీసేసింది. అందుకే మీ టర్మినేషన్ లెటర్‌కు ఇక్కడ చాలా విలువ ఉంది. క్లెయిమ్ గడువు దాటినా అడగండి. ప్రీమియం తీసుకుని బీమా గురించి చెప్పలేదన్న పాయింటు సెటిల్‌మెంట్ బేరంలోనైనా పనికొస్తుంది. బ్యాంకు 30 రోజుల్లో సరైన జవాబివ్వకపోతే యూఏఈలో బ్యాంకు, బీమా ఫిర్యాదులు చూసే ‘సనదక్’కు ఆన్‌లైన్‌లో రాయవచ్చు.

ఒకేసారి కట్టే మొత్తం చెప్పి తగ్గింపు అడగండి. ఒప్పుకున్నాక బ్యాంకు లెటర్‌హెడ్ మీద కాగితం లేకుండా ఒక్క దిర్హామ్ కూడా పంపవద్దు. అందులో కట్టాల్సిన మొత్తం, ఆఖరి తేదీ, దాంతో కార్డు బాకీ పూర్తిగా తీరినట్టేనన్న మాట, కేసు ఉంటే బ్యాంకే వెనక్కి తీసుకుని ట్రావెల్ బ్యాన్ ఎత్తివేయిస్తుందన్న హామీ, చెక్కు తిరిగిచ్చే సంగతి ఉండాలి. డబ్బు మీ కార్డు ఖాతాకే వెళ్లాలి, ఏజెంట్ చెప్పిన ఇంకో ఖాతాకు కాదు. ఆఖరి తేదీ ఒక్కరోజు దాటినా చాలా లెటర్లలో తగ్గింపు రద్దయి పాత బాకీ తిరిగి వస్తుంది. కట్టాక క్లియరెన్స్ లెటర్ (ఇక బాకీ లేదని బ్యాంకు ఇచ్చే కాగితం) తీసుకోండి. డబ్బు కట్టగానే బ్యాన్ దానంతట అదే పోదు. బ్యాంకు వకీలు కోర్టులో కేసు మూయించాలి. ఆ తర్వాత యాప్‌లో మళ్లీ చూసుకోండి. అక్కడి పనికి వకీలును పెట్టాలంటే పవర్ ఆఫ్ అటార్నీ ఇక్కడ నోటరీ చేయించి, రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, యూఏఈ కాన్సులేట్ అటెస్టేషన్లు అయ్యాక అక్కడ అరబిక్ అనువాదం చేయించాలి. దీనికి వారాలు పడుతుంది కాబట్టి ముందే మొదలుపెట్టండి.

తమ్ముడి విషయానికి వద్దాం. కార్డు తీసుకోవచ్చు. అక్కడి బ్యాంకులు సాధారణంగా నెలకు 5,000 దిర్హామ్‌ల జీతం ఉంటేనే ఇస్తాయి. ఎమిరేట్స్ ఐడీ, పాస్‌పోర్టు, వీసా, జీతం సర్టిఫికెట్, బ్యాంకు స్టేట్‌మెంట్లు అడుగుతాయి. ఇండియాలో మీ సిబిల్ స్కోరు ఎంతున్నా అక్కడ చూసేది అల్ ఎతిహాద్ క్రెడిట్ బ్యూరో రికార్డు, అందులో స్కోరు 300 నుంచి 900 వరకు. నెల వాయిదాలన్నీ కలిపి జీతంలో సగం దాటకూడదని సెంట్రల్ బ్యాంకు నిబంధన. ఈ లెక్కలో కార్డు వాడకపోయినా లిమిట్‌లో 5 శాతాన్ని బ్యాంకులు వాయిదాగా తీసుకుంటాయి. మీ 25,000 లిమిట్ కార్డు పడి ఉన్నా నెలకు 1,250 కింద లెక్క. మాల్‌లో స్టాల్ పెట్టుకుని ‘లైఫ్ టైమ్ ఫ్రీ’ అంటూ రెండో కార్డు, మూడో కార్డు అంటగట్టేవాళ్లు ఈ మాట చెప్పరు. ఒక్క కార్డు, ఒక నెల జీతాన్ని మించని లిమిట్ చాలని తమ్ముడికి చెప్పండి.

‘మినిమమ్ డ్యూ’ అనే ఉచ్చు గురించి మీ లెక్కే చూపించండి. 19,000 బాకీకి 5 శాతం చొప్పున మినిమమ్ 950. వడ్డీ నెలకు 3.5 శాతం అనుకుంటే 665 వడ్డీకే పోతుంది. అసలులో తరిగేది 285. ఆ నెల కొత్తగా 300 దిర్హామ్‌లు గీకితే బాకీ తగ్గకపోగా పెరుగుతుంది. ఏటీఎంలో కార్డుతో నగదు తీస్తే ఫీజుతో పాటు ఆ రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఊరికి డబ్బు పంపడానికి కార్డును ఎప్పుడూ వాడవద్దు. సెలవుకు ఇంటికి వచ్చి ఇక్కడి దుకాణంలో ఆ కార్డు గీకినప్పుడు మెషిన్ రూపాయలా దిర్హామ్‌లా అని అడిగితే రూపాయలే నొక్కాలి.

జాబ్ లాస్ ఇన్సూరెన్స్ అని పిలిచే ప్రభుత్వ ఉద్యోగ నష్ట బీమాలో మొదటి నెలే చేరమనండి. నెలకు 5 లేదా 10 దిర్హామ్‌లే. వరుసగా 12 నెలలు కట్టి ఉండి, కంపెనీయే తీసేస్తే, 30 రోజుల్లోపు క్లెయిమ్ వేస్తే బేసిక్ జీతంలో 60 శాతం మూడు నెలల వరకు వస్తుంది.

తిరిగి వచ్చేటప్పుడు వీసా క్యాన్సిల్ చేసేముందే కార్డు మూయించాలి. జీతం ఖాతా ఉన్న బ్యాంకులోనే కార్డు ఉంటే, కంపెనీ వేసే ఫైనల్ సెటిల్‌మెంట్ సొమ్మును బ్యాంకు బాకీ తేలేదాకా ఆపి ఉంచుతుంది. టికెట్ తేదీకి కనీసం రెండు నెలల ముందు రద్దుకు అర్జీ పెట్టండి. నెలనెలా ఆటోమేటిక్‌గా పోయే ఫోన్ బిల్లు, యాప్ చందాలు ముందే ఆపేయాలి. రద్దు చేశామనుకున్న కార్డు మీద చిన్న చందా ఒకటి పడి, లేట్ ఫీజులతో పెరిగి బ్యూరో రికార్డుకు ఎక్కడం మామూలే. కార్డు కోసం బ్యాంకుకు ఇచ్చిన ఒరిజినల్ చెక్కు, క్లియరెన్స్ లెటర్ రెండూ చేతికి వచ్చాకే విమానం ఎక్కమనండి.