యూరిన్ ఇన్ఫెక్షన్ తగ్గడం లేదు, మూత్రంలో గాలి పోతోందట!

ప్రశ్న: మా అమ్మకు 71 ఏళ్లు. గర్భసంచి ఎప్పుడో తీసేశారు. పోయినేడు పొత్తికడుపులో ఎడమవైపు నొప్పి, జ్వరం వస్తే స్కాన్ చేసి డైవర్టిక్యులైటిస్ అన్నారు, మందులతో తగ్గింది. ఇప్పుడు మాటిమాటికీ యూరిన్ ఇన్ఫెక్షన్. మందులు ఆపగానే మళ్లీ మంట. మూత్రానికి వెళ్లినప్పుడు గాలి కూడా పోతోందని మొన్న సిగ్గుపడుతూ చెప్పింది. వయసు వల్లేనా?
- ఒక కూతురు, గుంటూరు

జవాబు: వయసు వల్ల కాదమ్మా. మూత్రంలో గాలి పోతోందంటే పెద్దపేగుకూ మూత్రాశయానికీ మధ్య దారి పడిందేమోనని ముందు అనుమానించాలి. దీన్ని ఫిస్టులా అంటారు. పేగు గోడ మీద తిత్తుల్లా ఉబ్బినచోట వాచి (డైవర్టిక్యులైటిస్ అంటే ఇదే) చీము పట్టి, ఆ చీము పక్కనున్న అవయవంలోకి తొలుచుకుపోతే ఇలా అవుతుంది. ఆడవాళ్లలో మామూలుగా గర్భసంచి ఈ రెంటికీ మధ్య అడ్డుగోడలా ఉంటుంది కాబట్టి ఇది అరుదు, కానీ అది తీసేసినవాళ్లకు ఆ అడ్డు ఉండదు. మన దగ్గర చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఎంతమందో, అందుకే ఆ పాత ఆపరేషన్ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. యోని నుంచి గాలి గానీ, మలం వాసనతో స్రావం గానీ వస్తోందా అని కూడా అమ్మను మెల్లగా అడగండి, ఎందుకంటే దారి అటువైపూ పడొచ్చు, ఈ మాట పెద్దవాళ్లు తమంతట తాము చెప్పరు.

ఇంకో కోర్సు యాంటిబయాటిక్ రాయించుకుని ఊరుకోవద్దు. మూత్రంలో ఏ క్రిములున్నాయో తేల్చే యూరిన్ కల్చర్‌తో పాటు కడుపు సీటీ స్కాన్ చేయించాలి. ఈ మధ్య కాథెటర్ (మూత్రం గొట్టం) వేయకుండానే మూత్రాశయంలో గాలి కనబడితే అది గట్టి ఆధారం. స్కాన్‌కు ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడమనండి. కొలోనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూడడం) కూడా కావాలి, పేగు క్యాన్సర్ కూడా ఇలాగే దారి చేయగలదు గనుక, అయితే వాపు ఉన్నప్పుడు కాదు, తగ్గాక కొన్ని వారాలకు.

ఫిస్టులా అని తేలితే మందులతో మానడం అరుదు. ఒంట్లో శక్తి ఉంటే పాడైన పేగు ముక్క తీసి రెండు కొసలూ కలుపుతారు, మూత్రాశయం మానేదాకా వారం పది రోజులు కాథెటర్ ఉంచుతారు. చాలామందికి లాపరోస్కోపీతోనే, అంటే చిన్న కోతలతోనే, అవుతుంది, 71 ఏళ్లన్న ఒక్క కారణంతో వద్దనుకోకండి, గుండె, షుగర్ ఎలా ఉన్నాయో చూసి నిర్ణయిస్తారు. మరీ బలహీనంగా ఉంటే మలాన్ని పొట్ట మీది సంచిలోకి మళ్లించడమో, మందులతో నెట్టుకురావడమో చేస్తారు.

ఈలోగా చలిజ్వరం వచ్చినా, మాట తడబడి అయోమయంగా ఉన్నా, మూత్రం తగ్గినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.